హమామత్సు: మగ్గం కన్న కారు

టోక్యో నుంచి ఒసాకా వైపు పరుగెత్తే షింకన్‌సెన్ రైళ్లలో అన్నిటికంటే వేగమైన నొజోమి హమామత్సులో ఆగదు. హికారి రైళ్లు కొన్ని ఆగుతాయి, కొదామా రైళ్లన్నీ ఆగుతాయి. క్యోటో గుడులకూ ఒసాకా బజార్లకూ వెళ్లే తొందరలో మనవాళ్లలో చాలామంది ఈ ఊరిని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. కానీ నలభై ఏళ్లుగా తెలుగునాట మధ్యతరగతి ఇళ్ల ముందు నిలబడిన కార్లలో చాలావాటికి పుట్టిల్లు ఇదే. సుజుకి ఇక్కడే మొదలైంది, ఇప్పటికీ దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. అందుకే కొదామా ఎక్కాను.

హమామత్సు షిజువోకా రాష్ట్రంలో, పసిఫిక్ తీరాన ఉంది. పడమట హమానా సరస్సు, తూర్పున తెన్ర్యూ నది, ఉత్తరాన కొండలు. శీతకాలం వస్తే ఆ కొండల మీదుగా పొడిగాలి విసురుగా కొడుతుంది. స్టేషన్ బయటికి రాగానే కనిపించే 45 అంతస్తుల ఆక్ట్ టవర్‌ను హార్మోనికా ఆకారంలో కట్టారు. ఇది సంగీత వాయిద్యాల ఊరు కూడా. యమహా, కవాయ్ పియానోల కంపెనీలు రెండూ ఇక్కడివే. హోండా కంపెనీ స్థాపకుడు సోయిచిరో హోండా 1906లో పుట్టిన పల్లె కూడా ఇప్పుడు ఈ నగరంలో భాగమే.

ఒక్క ఊరికి ఇన్ని కంపెనీలు ఎలా వచ్చాయని మా చెల్లెలి కొడుకును అడిగాను. ఇక్కడ ఒక విడిభాగాల కంపెనీలో ఇంజినీరు వాడు. "పత్తి మావయ్యా, అంతా పత్తి వల్లే. పత్తి ఉంటే నేత ఉంటుంది, నేత ఉంటే మగ్గం చేసే వడ్రంగి ఉంటాడు, వడ్రంగి చెయ్యి యంత్రం మీద పడితే ఆగుతుందా?" అన్నాడు. చీరాల, మంగళగిరి, సిరిసిల్ల తెలిసిన మనకు ఇందులో మొదటి రెండు మెట్లూ అర్థమవుతాయి. మూడో మెట్టు ఎలా ఎక్కారో చూడాలంటే మాత్రం సుజుకి చరిత్ర మ్యూజియానికి వెళ్లాలి.

హమామత్సు నుంచి తొకాయ్‌దో లైను లోకల్ రైల్లో పడమటికి ఒక్క స్టేషన్ వెళితే తకత్సుక వస్తుంది. అక్కడి నుంచి పది నిమిషాల నడక. రోడ్డుకు ఒక పక్క సుజుకి ప్రధాన కార్యాలయం, ఎదురుగా 2009లో తెరిచిన మ్యూజియం. ప్రవేశం ఉచితం, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. కింది అంతస్తులో ఇప్పటి బండ్లు ఉంటాయి. రెండో అంతస్తులో బొమ్మ గీయడం దగ్గర్నుంచి అసెంబ్లీ లైను దాకా కారు ఎలా తయారవుతుందో చూపిస్తారు. మూడో అంతస్తులో చరిత్ర. మేం వెళ్లేసరికి పసుపు టోపీల బడిపిల్లలు టీచరు వెంట బారులు తీరి ఉన్నారు. కార్ల పరిశ్రమ ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం. పాఠం చెప్పి ఊరుకోకుండా తీసుకొచ్చి చూపిస్తారు.

మూడో అంతస్తులో అడుగు పెట్టగానే ఎదురయ్యేది కారు కాదు, చెక్క మగ్గం. పడుగు, పేక, నాడె అన్నీ మనం ఎరిగినవే. దీన్ని చేసిన మిచియో సుజుకి 1887లో ఇక్కడి పత్తిరైతు ఇంట పుట్టాడు. 14వ ఏట వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. రష్యా, జపాన్ యుద్ధకాలంలో ఇళ్ల పనులు తగ్గిపోవడంతో ఆ మేస్త్రీ మగ్గాల తయారీకి మళ్లాడు, కుర్రవాడూ ఆ పని నేర్చాడు. 1909లో సొంతంగా మగ్గాల కార్ఖానా పెట్టాడు. 1920లో అది సుజుకి మగ్గాల తయారీ కంపెనీ అయింది. చారల బట్టలో పేకనూలు రంగు మార్చాలంటే నాడె మార్చాలి. ఆ మార్పును తేలిక చేసే ఏర్పాట్ల మీద అతని తెలివంతా పనిచేసింది. ఆగ్నేయాసియా జనం కట్టుకునే సరాంగు, అంటే మన గళ్ల లుంగీ లాంటి బట్ట, నేసే మగ్గాలు చేసి ఎగుమతి కూడా చేశాడు.

ఆ మగ్గం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మంచి మగ్గం ఏళ్ల తరబడి చెడిపోదు. చెడిపోకపోతే కొన్నవాడు మళ్లీ కొనడు. తన పనితనమే తన వ్యాపారానికి హద్దు గీస్తుందని మిచియో గ్రహించాడు. 1937 ప్రాంతంలో ఇంగ్లండు నుంచి ఒక ఆస్టిన్ సెవెన్ కారు తెప్పించి, విప్పి చూసి, రెండేళ్లలో 800 సీసీ లోపు ఇంజిన్‌తో నమూనా కార్లు తయారుచేయించాడు. అప్పటికే యుద్ధం కమ్ముకుంది. ప్రజల కార్లు అత్యవసరం కాదని ప్రభుత్వం ఆపేసింది. తర్వాత 1944 డిసెంబరులో పెద్ద భూకంపం, 1945లో బాంబుదాడులు, యుద్ధం ముగిశాక నూలు మార్కెట్ పతనం. మగ్గాల కంపెనీకి మగ్గాల మీద బతికే దారి మూసుకుపోయింది.

ఆ పక్కనే ఇంజిన్ బిగించిన సైకిల్ ఉంది. 1952 నాటి పవర్ ఫ్రీ, 36 సీసీ. మిచియో అల్లుడు షున్‌జో చేపల వేటకు సైకిల్ మీద వెళ్లి, ఎదురుగాలిలో తొక్కలేక తొక్కుతూ ఇంటికి వస్తుంటే ఈ ఆలోచన వచ్చిందని కంపెనీ చెప్పుకుంటుంది. ఈ ఊరి గాలిని ఒళ్లంతా తగిలించుకున్నాక ఆ మాట నమ్మబుద్ధయింది. అందులోని పనితనం రెండు పళ్లచక్రాల ఏర్పాటులో ఉంది. ఇంజిన్‌తో కలిపి తొక్కవచ్చు, ఇంజిన్ మీదే పోవచ్చు, ఇంజిన్ విడదీసి మామూలు సైకిల్‌లా తొక్కవచ్చు. పెట్రోలు అయిపోయినా మనిషి దారిలో ఆగిపోడు. కొనేవాడి జేబు ఎంతో, వాడి బతుకు ఎక్కడ ఆగిపోతుందో ఆలోచించి చేసిన వస్తువు ఇది.

1954లో కంపెనీ పేరు సుజుకి మోటార్ అయింది. 1955 అక్టోబరులో సుజులైట్ వచ్చింది. 360 సీసీ టూస్ట్రోక్ ఇంజిన్, ముందు చక్రాలకే శక్తి, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. జర్మనీ లాయిడ్ కారు నుంచి చాలా నేర్చుకున్న మాట నిజమే. అయినా ముందు చక్రాలు లాగే పద్ధతిని జపాన్‌లో ఇంకా ఎవరూ అలవాటు చేసుకోని రోజుల్లో ఒక మగ్గాల కంపెనీ ఆ సాహసం చేసింది. గాజు వెనుక ఉన్న ఆ చిన్న కారును చూస్తే, మొదటి ప్రయత్నంలా లేదు. పదిహేనేళ్లు కడుపులో పెట్టుకున్న కోరికలా ఉంది.

అక్కడి నుంచి కథ నేరుగా గెలుపు వైపు సాగలేదు. 1970ల్లో జపాన్ పొగ నిబంధనలు కఠినం చేసింది. టూస్ట్రోక్‌నే నమ్ముకున్న సుజుకి వాటిని అందుకోలేకపోయింది. కొంతకాలం పోటీదారు దైహత్సు ఇంజిన్లు తెచ్చుకుని తన ఫ్రొంటే కార్లలో బిగించుకోవాల్సి వచ్చింది. అలాంటి సమయంలో, 1978లో, ఒసాము సుజుకి అధ్యక్షుడయ్యాడు. గిఫు రాష్ట్రంలోని గెరోలో మత్సుద ఇంట పుట్టి, బ్యాంకులో పనిచేసి, షున్‌జో కూతురిని పెళ్లాడి సుజుకి ఇంటిపేరు తీసుకున్నవాడు. షున్‌జో కూడా అలా ఇంటిపేరు మార్చుకున్న అల్లుడే. మన ఇల్లరికం లాంటిదే ఇది. అక్కడ మాత్రం దాన్ని చిన్నతనంగా చూడరు. తగినవాడిని ఎంచుకుని ఇంటినీ వ్యాపారాన్నీ అప్పగించడం పాత ఆచారం.

ఒసాము చేసిన లెక్క సూటిగా ఉంటుంది. చిన్న కారులో చాలాసార్లు ప్రయాణించేది ఒకరిద్దరే. అందువల్ల వెనుక సీటు కుదించి, సరుకు బండిగా నమోదుచేయిస్తే అప్పట్లో ఉన్న ఎక్సైజ్ పన్ను తప్పుతుంది. 1979 మేలో వచ్చిన ఆల్టో అలా పుట్టింది. ధర 4,70,000 యెన్‌లు, దేశమంతటా ఒకటే. మ్యూజియంలో ఆ ఎర్ర ఆల్టో చుట్టూ తిరిగి చూశాను. అలంకారం ఒక్కటి లేదు. కానీ ఉన్న ప్రతి భాగానికీ పని ఉంది. చిన్నది, తక్కువ, తేలిక, పొట్టి, అందం అనే ఐదు మాటల సూత్రాన్ని తర్వాతి కాలంలో కంపెనీ తన నినాదం చేసుకుంది. ఆ ఐదూ ఈ కారులో అప్పటికే ఉన్నాయి.

మ్యూజియంలో చరిత్ర దొరుకుతుంది. కారు బాగోగులు తెలియాలంటే కొన్నవాళ్లనే అడగాలి. మర్నాడు మావాడు నన్ను హమానా సరస్సుకు ఉత్తరాన మిక్కబి అనే చోటికి తీసుకెళ్లాడు. నారింజ జాతి మికాన్ పండ్లకు జపాన్ అంతా పేరుపడిన ప్రాంతం. కొండవాలు మీద మెట్లుమెట్లుగా తోటలు, వాటి మధ్య మన ఎడ్లబండి బాటంత దారులు. ప్రతి తోట దగ్గరా ఒక తెల్లని చిన్న ట్రక్కు. ఈ చిన్న బండ్ల తరగతిని అక్కడ కేయ్ అంటారు. ఇంజిన్ 660 సీసీ, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు మించకూడదు. నంబరు పలక పసుపు. సొంత వాడకపు కేయ్ కారుకు ఏడాది పన్ను 10,800 యెన్‌లు, సరుకు ట్రక్కుకు 5,000. లీటరు ఇంజిన్ మామూలు కారుకు 25,000 కట్టాలి.

తోటలో ఎనభైకి దగ్గరపడిన రైతు పండ్లపెట్టెలు తన క్యారీ ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. క్యారీ 1961 నుంచి వస్తున్న పేరు. మావాడు వంగి నమస్కరించి, నేను భారతదేశం నుంచి వచ్చానని చెప్పి నా ప్రశ్నలు అడిగాడు. పెద్దాయన ట్రక్కు తొట్టి అంచు మీద చెయ్యి వేసి చూపించాడు. నడుం ఎత్తుకు వస్తుంది, పెట్టె పైకి ఎత్తక్కర్లేదు. నాలుగు చక్రాలకూ శక్తి ఉంది కాబట్టి వాన పడ్డ వాలు మీద జారదు. దారి చివర వెనక్కి తిప్పుకోవచ్చు. మరి లోపాలో? ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఇంజిన్ మోతకు పక్కవాడి మాట వినపడదన్నాడు. వెంటనే, ఎక్స్‌ప్రెస్‌వే మీద నాకేం పని అని కూడా అన్నాడు. తన భార్య ఆసుపత్రికి వెళ్లినా ఈ బండిలోనే వెళుతుందట. పల్లెల్లో బస్సులు తగ్గిపోయి, పిల్లలు నగరాలకు వెళ్లిపోయాక ముసలివాళ్ల కాళ్లు ఈ బండ్లే.

తిరుగుదారిలో సరస్సు ఒడ్డున ఒక జిమ్నీ యజమాని కలిశాడు. జిమ్నీ చరిత్ర విశేషమైనది. హోప్ మోటార్ అనే చిన్న కంపెనీ చేసి పెద్దగా అమ్ముకోలేకపోయిన బండి హక్కులు కొని, తన ఇంజిన్ పెట్టి సుజుకి 1970లో జిమ్నీ తెచ్చింది. ఇప్పటి రూపం 2018లో వచ్చినప్పుడు ఏడాదికి పైగా ఎదురుచూసినా జనం కొన్నారు. ఈ యజమాని దాని లోపాలన్నీ తడుముకోకుండా చెప్పాడు. కుదుపు ఎక్కువ, మైలేజీ తక్కువ, వెనుక సీట్లో కూర్చుంటే సామాన్లకు చోటుండదు. "అయినా అమ్ముతారా?" అని అడిగించాను. అతని పక్కనున్న భార్య నవ్వి, నన్నయినా వదులుకుంటాడేమో గాని దాన్ని వదలడు అంది. మంచులో, బురదలో, కొండమీద ఎక్కడ దిగబడినా బయటపడుతుందన్న నమ్మకం మిగతా లోపాలన్నీ మరిపిస్తుంది.

ఆ సాయంత్రం హమామత్సులో ఒక షోరూమ్ ముందు ఐదు తలుపుల జిమ్నీ కనిపించింది. జపాన్‌లో దాని పేరు జిమ్నీ నొమాద్. తయారయ్యేది గుర్‌గావ్‌లో. 2025 జనవరి 30న ప్రకటిస్తే కొద్దిరోజుల్లోనే దాదాపు 50,000 ఆర్డర్లు వచ్చిపడి, ఫిబ్రవరి 3న బుకింగులు ఆపేయాల్సి వచ్చింది. కంపెనీ అనుకున్న అమ్మకాలు నెలకు 1,200 మాత్రమే. అదే బండి మన దేశంలో 2023 జూన్‌లో వచ్చి అంతగా అమ్ముడుపోలేదు. మన పనివాళ్ల చేతి మీదుగా వెళ్లిన కారు కోసం, ఆ కంపెనీ పుట్టిన ఊళ్లో జనం వరుస కట్టారని తెలిసి నాకు ఎంతో గర్వమనిపించింది. సుజుకి ఫ్రాంక్స్ కారు కూడా గుజరాత్ నుంచి అక్కడికి వెళుతోంది. ఒకప్పుడు హమామత్సు మనకు కారు చేయడం నేర్పింది. ఇప్పుడు మనం చేసింది హమామత్సు కొనుక్కుంటోంది.

ఆ నేర్పడం 1982 అక్టోబరు 2న మొదలైంది. ఆ రోజు మారుతి ఉద్యోగ్‌తో సుజుకి ఒప్పందం కుదిరింది. సుజుకి వాటా 26 శాతం. అదే నెల 27న, 95వ ఏట, మిచియో కన్నుమూశాడు. జపాన్‌లో టొయోటానూ నిస్సాన్‌నూ దాటలేమని తెలిసి, ప్రపంచంలో ఏదో ఒక చోట మొదటి స్థానంలో నిలవాలని ఒసాము కోరుకున్నాడు. ఆ చోటు మన దేశమైంది. గుర్‌గావ్ ఫ్యాక్టరీలో మేనేజరుకూ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ పెట్టారు. హోదాను బట్టి టిఫిన్ గది మారే మన ఆఫీసులకు అది కొత్త. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు కొన్నవారికి అందాయి. ధర దాదాపు 50 వేల రూపాయలు. 2014 జనవరిలో తయారీ ఆగింది. పొగ నిబంధనల వల్ల హైదరాబాద్‌లో అమ్మకం 2010లోనే ముగిసింది.

తెలుగువాళ్లను ఈ కార్ల గురించి అడిగితే వచ్చే జవాబులు ఊరు మారినా మారవు. మైలేజీ ఇస్తుంది. ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు. స్పేర్ పార్టులు చవక. ఐదారేళ్లు వాడి అమ్మినా మంచి రేటు పలుకుతుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఒక తరం స్టీరింగ్ పట్టింది 800 మీదే. ఓమ్ని వ్యాను బడిపిల్లలను మోసింది, పల్లె నుంచి పట్నం ఆసుపత్రికి రోగులను మోసింది. డిజైర్ ఎంతోమంది ట్యాక్సీ డ్రైవర్లకు తిండి పెడుతోంది. ఇవన్నీ చెప్పిన నోటితోనే, గొంతు కాస్త తగ్గించి, "రేకు మాత్రం పల్చన అండీ" అంటారు.

ఆ మాట ఊరికే పుట్టలేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన కార్లను గోడకు గుద్దించి చూసినప్పుడు 2014లో స్విఫ్ట్‌కు, 2020లో ఎస్-ప్రెస్సోకు పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. బరువు తగ్గడం దోషం కాదు. జపాన్‌లో అమ్మే ఆల్టో బరువు 700 కిలోలకు అటూఇటూగానే ఉంటుంది, అయినా 2021 చివర్లో వచ్చిన రూపంలో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఢీకొనేముందు బ్రేకు వేసే ఏర్పాటు అన్ని రకాల్లోనూ ఇచ్చారు. మన ఆల్టో కె10లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ వచ్చింది 2025లో. ఒకే పేరు, ఒకే కంపెనీ. మధ్యలో మూడేళ్లకు పైగా తేడా. హమామత్సు పెద్దావిడ ప్రాణానికి ఉన్న విలువే హనుమకొండ పెద్దావిడ ప్రాణానికీ ఉంది. దీన్ని కంపెనీకి గట్టిగా చెప్పాల్సింది మనమే.

సొంత దేశంలోనూ సుజుకి మచ్చలు లేనిదేమీ కాదు. ఇంధన పరీక్షల్లో నిబంధనల ప్రకారం నడుచుకోలేదని 2016లో ఒప్పుకుంది. ఆ బాధ్యత తీసుకుని ఒసాము ముఖ్య కార్యనిర్వాహక పదవి వదిలి ఛైర్మన్‌గా మాత్రమే మిగిలాడు. ఫ్యాక్టరీ తుది తనిఖీల్లో లోపాలు బయటపడి 2019లో దాదాపు 20 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. 2024 డిసెంబరు 25న, 94వ ఏట ఒసాము మరణించాడు. మరుసటి నెలలో మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. పొదుపే ప్రాణంగా బతికిన మనిషి ఆయన. ఆ పొదుపు వల్లే మన మాస్టార్లు, గుమస్తాలు, చిన్న రైతులు కారు ఎక్కారు. ఆ మేలు మరవకూడదు. ఏ భాగం దగ్గర పొదుపు ఆగిపోవాలో నిర్ణయించడం తర్వాతి తరం పని. 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు అదే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. చేయగలరని దానితో తేలిపోయింది.

మగ్గం నుంచి యంత్రానికి ఎక్కే ఆ మూడో మెట్టు మన దగ్గర కూడా మొదలవుతోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2022 నుంచి సుజుకి ఇన్నోవేషన్ సెంటర్ నడుస్తోంది. నేతపని ఎరిగిన నేల నుంచి వచ్చిన మన పిల్లలు అక్కడ ఏం చేస్తారో చూడాలని ఉంది.

జపాన్ వెళ్లేవాళ్లు ఒక పూట హమామత్సుకు ఇవ్వండి. మ్యూజియానికి ముందే పేరు నమోదు చేసుకోండి, సోమవారం మూసి ఉంటుంది. పిల్లలుంటే తప్పక తీసుకెళ్లండి, ఆ మగ్గం దగ్గర కాసేపు నిలబెట్టండి. వెళ్లలేనివాళ్లకు మరో మాట. ఈసారి కారు కొనడానికి షోరూమ్‌కు వెళ్లినప్పుడు, ఏ కంపెనీదైనా సరే, మైలేజీ ఎంత అని అడగడానికి ముందు నక్షత్రాలు ఎన్ని అని అడగండి. నలభై ఏళ్లుగా మనం మైలేజీ అడిగాం, వాళ్లు మైలేజీ ఇచ్చారు. భద్రత అడిగితే అదీ ఇస్తారు.